అభయశాసనం నుండి జీనోమ్ వ్యాలీ వరకు: మేడ్చల్–శామీర్‌పేట ప్రాంత పునరుద్ధరణ – ఒక చారిత్రక పరిశీలన

మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, హైదరాబాదు చేరి, అక్కడి నుండి నాగపూరు దారిన ఉత్తరానికి సాగాడు. మేడ్చల్ ఆ దారి మీది ఊరు. ‘కాశీయాత్ర చరిత్ర’ చదివినవారికి ఆయన ఊళ్లను కొలిచే పద్ధతి తెలిసిందే. మజిలీ చేసిన చోట మంచినీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దిగడానికి నీడ ఉన్నదా, కావలసిన వస్తువులు దొరుకుతాయా అని చూస్తాడు. దేవాలయాల వర్ణనకు ఎంత శ్రద్ధ పెడతాడో ఈ లెక్కకూ అంత శ్రద్ధ పెడతాడు. బాటసారిని ఒక ఊరు ఎందుకు ఆకర్షిస్తుందనే ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. ఆ జవాబులో రెండు పక్షాలున్నాయి. అంగడి వర్తకుడిది. చెరువు, బాట, సత్రం పాలకుడు గానీ దాత గానీ ఏర్పరచినవి. ఒకటి లేని చోట రెండోది ఎక్కువకాలం నిలవదు.

హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు గత పాతికేళ్లలో పొందిన రూపాన్ని ఈ రెండు పక్షాల సంబంధంగా చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్రభుత్వాల ప్రకటనల్లో ఇదంతా కొత్త కథగా కనిపిస్తుంది. తెలుగు శాసనాలు చదివినవారికి ఇందులో సగం పాత కథే. ఆ సగం ఏది, మిగిలిన సగం ఎక్కడ జారిపోయింది అన్నదే పరిశీలించవలసిన విషయం.

పేట పెట్టడం

పల్లె తనంతట తాను పెరుగుతుంది. పేటను ఎవరో ఒకరు పెడతారు. ‘పేట’ అంటే ఊరికి ఆనుకొని, అంగళ్లతో, చేతివృత్తులవారితో వెలిసిన వాడ. హైదరాబాదు చుట్టూ వ్యక్తినామమో బిరుదమో ముందుండి ‘పేట’ వెనుక చేరిన ఊరిపేర్లు అనేకం. బేగంపేట అందరికీ తెలిసిన ఉదాహరణ. రూపాన్నిబట్టి శామీర్‌పేట కూడా ఆ వరుసలో చేరేదే. పేట పెట్టినవాడు మొదట చేయవలసింది వర్తకుణ్ణి రప్పించడం, రప్పించినవాణ్ణి నిలపడం.

దీనికి తెలుగునాట లభించిన అత్యుత్తమ సాక్ష్యం తీరంలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం చరిత్ర విద్యార్థులందరూ చదివేదే. అంతకుముందటి రాజులు తుఫానుకు పగిలి తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరకంతా స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ అలవాటు మాన్పి, నిర్ణీత సుంకం తప్ప వేరేమీ తీసుకోబోనని మాట ఇచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయ్యవ వంతు. నూరేళ్లు దాటాక, 1358లో, కొండవీటి రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే రేవులో మళ్లీ శాసనం వేయించాడు. వచ్చి స్థిరపడే వర్తకులకు ఇళ్ల స్థలాలు, పొలాలు ఇస్తామన్నాడు. వెళ్లాలనుకున్నప్పుడు ఎవరూ అడ్డుపెట్టరన్నాడు. వారసుడు లేనివాడి ఆస్తిని రాజు తీసుకునే అపుత్రిక పన్నును ఎత్తివేశాడు.

ఈ రెండు శాసనాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. గణపతిదేవుడిచ్చిన మాట అనవోతారెడ్డి కాలానికి చెల్లుబాటులో ఉండి ఉంటే రెండో శాసనం అవసరం పడేది కాదు. ఆకర్షణ ఒకసారి కల్పిస్తే ఉండిపోయేది కాదని, పాలన మారినప్పుడల్లా దాన్ని తిరిగి ప్రకటించవలసి వచ్చేదని రాతి మీదే నమోదై ఉంది. మార్కో పోలో ప్రస్తావించిన ముత్ఫిలిని పరిశోధకులు మోటుపల్లిగా గుర్తించారు. అంతటి రేవు ఇవాళ ఒక చిన్న ఊరు.

వర్తకుల పక్షం నుండి కూడా కొన్ని ఏర్పాట్లు ఉండేవి. శ్రేణులుగా ఏర్పడిన వర్తకులు తమ సరకు మీద తామే విధించుకొని గుడికో, ధర్మకార్యానికో ఇచ్చిన చెల్లింపు ‘మగమ’. రాజు వేసే సుంకం వేరు, ఇది వేరు. 1970లో కెనడాలోని టొరంటో నగరంలో బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే వీధి దుకాణదారులు తమ మీద తాము అదనపు పన్ను వేసుకొని వీధిని బాగుచేసుకున్నారు. బిజినెస్ ఇంప్రూవ్‌మెంట్ ఏరియా అనే పద్ధతి ప్రపంచమంతా వ్యాపించింది అక్కడి నుండే. దానికీ మగమకూ చారిత్రక సంబంధమేమీ లేదు. అంగడి చుట్టూ ఉన్న చోటు బాగుంటేనే అంగడి బాగుంటుందన్న లెక్క మాత్రం రెండింటిలోనూ ఒకటే.

చెరువు పక్కన వ్యాలీ

మేడ్చల్, శామీర్‌పేటలు పక్కపక్కనే ఉన్నా వాటి ఆకర్షణకు ఆధారాలు వేరు. మేడ్చల్ బాటను నమ్ముకున్న ఊరు. పాత నాగపూరు దారి నేటి 44వ నంబరు జాతీయ రహదారి. 1900 ప్రాంతంలో నిజాం రాజ్యంలో వేసిన హైదరాబాదు–గోదావరి వ్యాలీ రైలుమార్గం మేడ్చల్ మీదుగానే మన్మాడుకు సాగింది. తరువాతి కాలపు పారిశ్రామికవాడలు, గోదాములు, 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మీది కండ్లకోయ కూడలి అన్నీ ఆ బాట కొనసాగింపే.

శామీర్‌పేటకు ఆధారం చెరువు. నిజాం కాలంలో తవ్వించిన ఈ చెరువు సికింద్రాబాదు నుండి కరీంనగర్ వెళ్లే దారిని, అంటే నేటి రాజీవ్ రహదారిని ఆనుకొని ఉంది. కట్ట దగ్గర కట్టమైసమ్మ గుడి. తెలంగాణలో చెరువు కట్ట ఉన్న చోట మైసమ్మ ఉండడం సర్వసాధారణం. కట్ట తెగకుండా కాపాడే దేవతగా ఆమెను కొలుస్తారు. నమ్మకాన్ని పక్కనపెట్టి చూసినా, ఏటా జరిగే మొక్కుల సందర్భంలో ఊరంతా కట్ట మీదికి చేరుతుంది. కట్ట ఎక్కడ కుంగిందో, మత్తడి ఎలా ఉందో నలుగురి కంటా పడుతుంది. తూము తెరిచి ఆయకట్టుకు నీళ్లు పారించే నీరటి మిగిలిన రోజుల్లో ఆ పని చూసేవాడు. నిర్వహణ అనే ఇప్పటి మాటకు ఊరు ఇచ్చుకున్న రూపాలివి.

ఈ చెరువుకు చుట్టుపక్కల 1998 తరువాత పదేళ్లలో వచ్చిన మార్పు అంతకుముందు వందేళ్లలో రాలేదు. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం తన ప్రాంగణాన్ని శామీర్‌పేటలో కట్టుకుంది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం షాపూర్‌జీ పల్లోంజీ సంస్థతో కలిసి తుర్కపల్లి దగ్గర ఎస్.పి. బయోటెక్ పార్కును తలపెట్టింది. పార్కు పేరులోని ఎస్.పి. కట్టించిన సంస్థ పేరే. చెరువులకు కట్టించినవారి పేర్లు పెట్టే పాత మర్యాద ఇక్కడ తెలియకుండానే కొనసాగింది. అదే కాలంలో ప్రభుత్వమిచ్చిన 200 ఎకరాల్లో ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు మొదలైంది. దాని ప్రత్యేకత, సొంత భవనం కట్టుకొనే స్తోమతు లేని పరిశోధన సంస్థకు సిద్ధంగా ఉన్న ప్రయోగశాలను అద్దెకివ్వడం. అనవోతారెడ్డి వర్తకుడికి చూపిన ఇంటిస్థలం ఇక్కడ ప్రయోగశాల అయింది. 1996లో స్థాపితమైన భారత్ బయోటెక్ ఈ ప్రాంతానికి తొలినాళ్లలోనే వచ్చి నిలిచిన సంస్థ. 2008లో బిట్స్ పిలానీ తన హైదరాబాదు ప్రాంగణాన్ని అప్పటి శామీర్‌పేట మండలంలోని జవహర్‌నగర్‌లో తెరిచింది.

ఈ సముదాయానికి పెట్టిన పేరు జీనోమ్ వ్యాలీ. రాళ్లగుట్టలు, ఎర్రనేలలు ఉన్న ఈ మెట్టప్రాంతంలో లోయ అన్నది లేదు. సిలికాన్ వ్యాలీ అనుకరణగా వచ్చిన ఈ పేరు ఉన్నదాన్ని చెప్పడానికి పెట్టింది కాదు, రాబోయేదాన్ని చూపడానికి పెట్టింది. నూరేళ్ల క్రితం ఇదే ప్రాంతం గుండా పోయిన రైలుమార్గం పేరులోనూ ‘వ్యాలీ’ ఉంది. అది నిజంగానే గోదావరి లోయకు వెళ్లింది. తెలుగు పత్రికలు జీనోమ్ వ్యాలీని తెలుగులోకి మార్చే ప్రయత్నం చేయకపోవడం కూడా గమనించదగింది. ‘పేట’ అన్న మాట వర్తకుణ్ణి ఉద్దేశించినా ఊరివారికీ అర్థమయ్యేది. ‘వ్యాలీ’ ఊరివారితో మాట్లాడే పేరు కాదు.

అయినప్పటికీ ఆ పేరు పని చేసిందని ఒప్పుకోవాలి. 2020 డిసెంబరు 9న అరవైకి పైగా దేశాల రాయబారులు, హైకమిషనర్లు ఇక్కడి టీకా తయారీ సంస్థలైన భారత్ బయోటెక్, బయోలాజికల్ ఇ లను చూడడానికి హైదరాబాదు వచ్చారు. కొవాగ్జిన్ తయారైంది ఈ వ్యాలీలోనే. ఒక మెట్టప్రాంతపు పేట ఇరవై ఏళ్లలో ఇంతటి గుర్తింపు పొందడం వెనుక మోటుపల్లి సూత్రమే ఉంది. స్థలం చూపడం, ఖర్చు ఎంతో ముందుగా తెలిసేలా చేయడం, అధికారి ఇష్టానుసారం నడవకుండా కట్టడి చేయడం. 2014లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన టీఎస్ ఐపాస్ చట్టం పరిశ్రమల అనుమతులకు గడువు పెట్టింది. గణపతిదేవుడు సుంకానికి హద్దు గీసినట్టు ఇది కాలానికి హద్దు గీసింది. వ్యాపారికి భయం పన్ను కన్నా అనిశ్చితి వల్లనే ఎక్కువని రెండు ప్రభుత్వాలూ గ్రహించాయి.

జీర్ణోద్ధరణ: పదో వంతు, రెండు శాతం, ముప్పై ఐదు శాతం

అభయం రప్పిస్తుంది. వచ్చినవారి చుట్టూ ఉన్న నేల, నీరు చెడిపోకుండా చూడడం వేరే పని. తెలుగు సంప్రదాయంలో దానికి వేరే మాట ఉంది: జీర్ణోద్ధరణ. కొత్తగా కట్టించడం కన్నా శిథిలమైనదాన్ని నిలబెట్టడం ఎక్కువ పుణ్యమని ధర్మగ్రంథాల మాట. సప్తసంతానాల్లో తటాకం ఉంది, వనం ఉంది, దేవాలయం ఉంది, కృతి కూడా ఉంది. కొడుకుతో సమానంగా ఎంచినవి కాబట్టి కన్నాక పెంచవలసిన బాధ్యత ఆ ఊహలోనే ఇమిడి ఉంది.

పుణ్యం ఒక్కటే చెరువులను నిలపలేదు. దశబంధం అనే ఆర్థిక ఏర్పాటు వాటిని నిలిపింది. చెరువు కట్టించినవాడికి, లేదా తెగిన చెరువును బాగుచేసినవాడికి దాని కింది భూమిలో భాగం పన్ను లేకుండానో, తక్కువ పన్నుతోనో ఇచ్చే ఏర్పాటిది. పేరులో పదో వంతు ఉన్నా అసలు భాగం చోటునుబట్టి మారేది. కాకతీయ, విజయనగర కాలపు శాసనాల్లో కనిపించే ఈ పద్ధతి రాయలసీమలో దశబంధం ఇనాముల రూపంలో బ్రిటిషు పాలన దాకా బతికింది. దీని బలం ఒక్క చిన్న మెలికలో ఉంది. దశబంధదారుడి భూమి ఆ చెరువు కిందే ఉంటుంది. చెరువు ఎండితే ముందు ఎండేది అతడి పంట. కట్ట మీద అతడి ధర్మబుద్ధి ఎంతుందో అతడి స్వార్థమూ అంతే ఉంటుంది.

దీని పక్కన నేటి రెండు లెక్కలను ఉంచి చూడవచ్చు. కంపెనీల చట్టం 2013లోని 135వ విభాగం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీ అంతకుముందు మూడేళ్ల సగటు లాభంలో కనీసం రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికి, దాని పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలని కూడా ఆ చట్టమే చెబుతోంది. చెట్లు నాటినా, బడి కట్టినా, చెరువు పూడిక తీసినా ఆ లెక్కలోకి వస్తాయి. ఇదే జిల్లాలోని చెంగిచెర్ల అటవీ ప్రాంతంలో 1,080 ఎకరాలను 2022లో సినీనటుడు నాగార్జున దత్తత తీసుకున్నారు. అది చట్టం విధించినది కాదు, ప్రభుత్వ ప్రోత్సాహంతో ఒక వ్యక్తి చేసినది. కండ్లకోయ దగ్గర రిజర్వు అడవిలో అటవీశాఖ ఏర్పరచిన ఆక్సిజన్ పార్కు నగరవాసులను రహదారి మీది నుండి లోపలికి రప్పించగలిగింది. ఇవన్నీ మంచి పనులే. అయితే రెండు శాతం లాభాన్నిబట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. చెరువు స్థితినిబట్టి కాదు. శామీర్‌పేట చెరువు నిండినా ఎండినా టీకా ధర మారదు. దశబంధంలోని మెలిక ఇక్కడ లేదు.

రెండో లెక్క పన్నుది. పారిశ్రామికవాడల్లో స్థానిక సంస్థ అధికారాలను ప్రభుత్వం పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకు, అంటే అప్పటి ఏపీఐఐసీకి, నేటి టీజీఐఐసీకి బదలాయించే పద్ధతి ఉంది. వాడ లోపల రోడ్లు, దీపాలు, నీళ్లు చూసేదీ, ఆస్తిపన్ను వసూలు చేసేదీ ఆ సంస్థ ఏర్పరచిన స్థానిక అధికార వ్యవస్థే. వసూలైన దానిలో 35 శాతం అసలు గ్రామ పంచాయతీకో, పురపాలికకో చేరుతుంది. మిగిలినది వాడలోనే ఖర్చవుతుంది. వాడను చక్కగా ఉంచడానికి ఇది తెలివైన ఏర్పాటు. పన్ను కట్టినవాడికి ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది. కాని వాడలో పనిచేసే కార్మికులు ఉండేది చుట్టుపక్కల ఊళ్లలో. వారి మురుగునీరు, చెత్త, అద్దెగదుల మంచినీళ్లు ఆ ఊళ్ల పద్దులోకి వస్తాయి. ఆకర్షణ పన్ను ఒకచోట, ఆకర్షణ భారం మరోచోట.

జవహర్‌నగర్ దీనికి కఠినమైన ఉదాహరణ. ఒక జాతీయస్థాయి విద్యాసంస్థ పేరు పక్కన చిరునామాగా కనిపించే ఆ ఊరే హైదరాబాదు మహానగరం చెత్తనంతా మోస్తోంది. దిబ్బ నుండి ఊరిన మురుగు పక్కనున్న మల్కారం చెరువును చెరచింది. పునరుద్ధరణ అంటే కొన్ని చోట్లను అందంగా చేయడమే అయితే అక్కరలేనిదాన్ని ఎక్కడో ఒకచోట పోయవలసి వస్తుంది. ఆ చోటు కూడా ఈ ప్రాంతంలోనే ఉంది.

జీర్ణోద్ధరణ పూర్తిగా మరుగున పడిందనడం సరికాదు. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని సంకల్పించింది. పేరు పెట్టడంలోనే తన పూర్వికుణ్ణి చెప్పుకున్న పథకమది. తీసిన పూడికమట్టిని రైతులు తమ ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు. అలా తోలుకున్న చోట్ల చెరువుతో రైతు స్వార్థం కొంతవరకు ముడిపడింది. శామీర్‌పేట వంటి శివారు ప్రాంతాల్లో వచ్చిన చిక్కు వేరు. పొలం ప్లాటుగా మారిన చోట పూడికమట్టి ఎవరికీ అక్కరలేదు. ఆయకట్టు లేని చెరువుకు తూము తెరిచే నీరటి పనీ ఉండదు. ప్లాటు కొన్నవాడికి నిండిన చెరువు కన్నా ఒడ్డు కనిపించే చెరువే మేలు. వాన బాగా పడిన ఏడాది శిఖం భూమి దాకా నీళ్లొస్తే అతడికది ప్రమాదం.

రెండు రాజ్యాల హద్దు

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి ఒక సంస్కృత శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి పాలకుడు అయిన భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమనే చెరువును కట్టించి వేయించినది. ఆ పనికి రోజుకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల కాలం పట్టాయని అందులో ఉంది. చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను చెప్పడం దాని విశిష్టత. అంగాల్లో ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసినవాడు, గట్టినేల, నిపుణులైన పనివారు మొదలైనవి వస్తాయి. దోషాల్లో కట్ట నుండి నీరు ఊరడం, చవుడు నేల వంటి వాటి సరసనే మరొకటి కనిపిస్తుంది: రెండు రాజ్యాల హద్దున ఉండడం.

నేల గుణం, నీటి పరిమాణం గురించి చెబుతున్న జాబితాలో ఇది ఒక్కటే పాలనకు సంబంధించిన దోషం. హద్దు మీది చెరువును ఇద్దరూ వాడుకుంటారు; బాగుచేయవలసిన రోజున ఇద్దరూ అవతలివాడి వైపు చూస్తారు. యుద్ధమొస్తే ముందు తెగేది దాని కట్టే. ఇంజనీరింగు లోపం లేని చెరువు కూడా ఈ కారణాన చెడుతుందని అనుభవం నేర్పి ఉండాలి.

మేడ్చల్–శామీర్‌పేట ప్రాంతాన్ని ఈ దోషం దృష్టితో చూసినప్పుడు చిత్రం మారుతుంది. చెరువు నీటిపారుదల శాఖది. అడవి అటవీశాఖది. వాడ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థది. లేఅవుట్ల ప్రణాళిక 2008లో ఏర్పడిన హెచ్ఎండీఏది. వీధి స్థానిక సంస్థది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత కూడా ఒకే పేరున్న జీనోమ్ వ్యాలీ రెండు జిల్లాల్లోనే ఉంది. తుర్కపల్లి వైపు భాగం మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉంటే, కర్కపట్ల బయోటెక్ పార్కు సిద్దిపేట జిల్లాలో ఉంది. 2024లో చెరువుల ఆక్రమణలను అరికట్టడానికి ఏర్పడిన హైడ్రాకు బాహ్యవలయ రహదారి పొలిమేర అయింది. 2025 డిసెంబరులో మేడ్చల్, తూంకుంట పురపాలికలతో సహా 27 పట్టణ స్థానిక సంస్థలు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో విలీనమయ్యాయి.

ఈ విలీనాన్ని కొందరు హద్దుల తొలగింపుగా చూడవచ్చు. ఒక మేరకు అది నిజం. రెండు పురపాలికల మధ్య గీత చెరిగింది. అయితే చెరిగినవి పన్ను వసూలు చేసే ఇరుగుపొరుగు సంస్థల మధ్య గీతలు. నీటికీ వీధికీ మధ్య, వాడకూ ఊరికీ మధ్య ఉన్న గీతలు అలాగే ఉన్నాయి. పైగా కట్ట మీద ఏం జరుగుతోందో నడిచి వెళ్లి చూడగలిగినంత దూరంలో ఉండే స్థానిక సంస్థ స్థానంలో పెద్ద నగరపు ఒక విభాగం వచ్చింది. అనవోతారెడ్డి తన ముందటివాళ్ల మాటను మళ్లీ చెప్పవలసి వచ్చినట్టే, ఈ కొత్త పాలక సంస్థ కూడా పాత పురపాలికలు, పంచాయతీలు తమ ఊళ్లకు ఇచ్చిన మాటలను తిరిగి చెప్పవలసి ఉంటుంది. పరిశ్రమలకిచ్చిన మాటలు చట్టంలో ఉన్నాయి కాబట్టి వాటికి ఢోకా లేదు. చెరువుకిచ్చిన మాట ఎక్కడ రాసి ఉందన్నదే తేలవలసిన విషయం.

ప్రస్తుతానికి శామీర్‌పేట చెరువు కట్ట దగ్గరికి జనాన్ని తప్పకుండా రప్పిస్తున్నది కట్టమైసమ్మ గుడి. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవారు రాజీవ్ రహదారి పక్కన బండ్లు ఆపి, దండం పెట్టుకొని, కాసేపు నీళ్ల వైపు చూసి వెళతారు. ఆ నీళ్లు ఏ శాఖ పరిధిలోవో వారిలో ఎవరూ అడగరు.